యాభై ఏడో గొట్టం

విజయనగరంలో గంటస్తంభం వెనక సందు. అందులో నరసింగరావు ఫోటో స్టూడియో. అరవై ఎనిమిది వేసవి, మిట్టమధ్యాహ్నం. బయట రోళ్లు పగిలే ఎండ కాస్తుంటే, లోపల డార్కురూములో ఎర్రదీపం కింద నరసింగరావూ, మిల్లు వాల్వుమేన్ ఎర్రన్నా నిలబడి ఉన్నారు. ఎర్రన్న పెళ్లాం దాలమ్మ ముందు గదిలో బల్ల మీద కూర్చుంది. ఇక మాటలన్నీ వాళ్లవే, మనకి వినడమే పని.

“ఇరవై మూడు.”

“ఇరవై మూడు ఇందాకే చెప్పావయ్యా ఎర్రన్నా. ఇది ఇరవై నాలుగు.”

“అవునేటి? అయితే ఇరవై నాలుగే బాబూ. రాసుకోండి.”

“రాయవలసింది నువ్వు. నేను కడిగి చేతికిస్తాను, నువ్వు వెనకాల పెన్సిలుతో నెంబరు వెయ్యాలి. అందుకేగా మీ ఇంజనీరు నిన్ను పంపించాడు? ‘గొట్టంలో ప్రతి అతుకూ మావాడికి తెలుసు’ అన్నాడు. తీరా చూస్తే ఒకట్లూ రెళ్లూ తప్పుతున్నావు.”

“ఈ దీపం కింద అన్నీ ఒక్కలాగే అవుపిస్తన్నాయి బాబూ.”

“ఆ మాట నిజమే. గుండ్రంగా నల్లటి నోరు, చుట్టూ తెల్లటి అంచు, మధ్యలో తాడు. పాతికేళ్లబట్టి పెళ్లిళ్లు తీశాను, బారసాలలు తీశాను, శవాలు తీశాను. గొట్టం కడుపులో తీసిన ఫోటోలు కడగడం ఇదే మొదలు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మీ మిల్లువాళ్లు పిలిపించిన ఆ కలకత్తా ఆయన భలే యంత్రం తెచ్చాడయ్యా! ఇనపడబ్బాలో కెమెరా, ముందు అద్దం, చుట్టూ దీపాలు. ఈ చివర తాడు పట్టి లాగుతుంటే గొట్టానికో ఫోటో. ఇక లోపల మనిషి దూరక్కర్లేదు.”

“ఆ డబ్బా మూడేళ్ల ముందు రావాల్సింది బాబూ.”

“ఏం, మూడేళ్ల కిందట ఏమైంది?”

“ఏటీ అవలేదు. ఉట్టినే అన్నాను. ఇది ఇరవై అయిదు.”

“సరే, ఇది తొట్టిలో వెయ్యి. మెల్లిగా. కాస్త ఆ ఐసుముక్క ఇలా అందుకో. ఈ వేడికి మందు కాగిపోతోంది. ఇంతకీ ఏమిటయ్యా మీ మిల్లు గొడవ? ఇంజనీరు కంగారుపడిపోతున్నాడు.”

“ఏటి నించి మిల్లుకి నీళ్లు సగానికి సగం పడిపోనాయి. ఎక్కడో అడ్డం పడిందంతన్నారు. మొత్తం డెబ్బై రెండు గొట్టాలు, భూమిలో రెండు నిలువుల లోతు. ఏ గొట్టం కాడ అడ్డం ఉన్నాదో మీ ఫోటోలో సూసి, రేపు ఆడ తవ్వుతారు.”

“మొదటి రీల్లో ముప్పై ఆరు, రెండో రీల్లో ముప్పై ఆరు. ఇందులో ఇంతవరకూ అడ్డమేమీ కనబడలేదు. రెండో రీల్లో ఉంటుందన్నమాట.”

“ఉంటే ఉంటాది, లేకపోతే లేదు. ఇరవై ఏడు.”

“బాబోయ్! ఫోటో బాబూ! నా పని ఎప్పుడు సేస్తారు?”

“వస్తున్నానమ్మా దాలమ్మా! కర్టెను మాత్రం తియ్యకు, కాయితాలన్నీ నల్లబడిపోతాయి. అక్కణ్ణించే చెప్పు.”

“సెప్పేదేటున్నాది, ఇందాక ఫోటో అట్ట ఇచ్చినాను గదా! నాలుగేళ్ల కిందట సిరిమాను సంబరానికొచ్చి మీ కాడే దిగినాం. ఇటు మా ఆయన, అటు నాను, నడిమిట్ల మా తమ్ముడు లక్ష్ముడు. ఆడి మొఖమొక్కటీ తీసి ఇవ్వాల.”

“ఓస్, అంతేనా! నెగిటివు నా దగ్గరే ఉంటుంది. పెద్దది చేసి, ఫ్రేము కట్టి ఇస్తాను. గోడకి నిండుగా ఉంటుంది.”

“ఓలమ్మో! గోడకేటి బాబూ, ఆ మాటలేటి! గోడకెక్కించి దండెయ్యడానికి ఆడేటి సచ్చిపోనాడా? మా ఇళ్లల్లో పోయినోళ్లనే గోడకి కడతాం. సిన్నది సెయ్యండి. నా కొంగున ముడేసుకునేటంత. ఖరగ్‌పూర్‌లో దిగి అందరికీ సూపించుకోవాల.”

“ఖరగ్‌పూరా? ఎవరు వెళుతున్నారు?”

“నానే. రేపు మెయిలుకి.”

“ఒక్కర్తివా? భాష రాదు, దిక్కు తెలీదు. మీ ఆయన రాడూ?”

“మా ఆయన్ని మూడేళ్లబట్టి అడుగుతన్నాను. ఈ యేడు ఎల్దాం, పై యేడు ఎల్దాం. వాల్వు ఒగ్గి రాలేనంతాడు. మా ఈది జోగయ్య ఖరగ్‌పూర్ టేసన్లో మా లక్ష్ముణ్ణి సూసినాడట బాబూ. టీ కెటిలు పట్టుకుని తిరుగుతన్నాడట, సిక్కి సగమైపోనాడట. తల్లి లేని గుంటణ్ణి ఈ సేతుల్తో పెంచినాను. ఆడు అలగ తిరుగుతుంటే నాను ఇక్కడ కూకుని అన్నం తింతానా? మావా! ఇనిపిస్తన్నాదా?”

“ఇనిపిస్తన్నాది.”

“ఏటంతావు మరి?”

“ఏటంతాను. ముప్పై నాలుగు బాబూ.”

“ముప్పై రెండయ్యా ఎర్రన్నా. ముప్పై రెండు. ఇటు తిరుగు. ఆవిడ మాట వినగానే మళ్లీ లెక్క తప్పావేం?”

“మెల్లిగా బాబూ. అది ఇంటాది.”

“వినదులే, మధ్యలో రెండు కర్టెన్లున్నాయి. ఆ లక్ష్ముడు నీ బావమరిదేగా? ఇందాక మూడేళ్లన్నావు. ఆవిడా మూడేళ్లే అంటోంది. ఏమిటి సంగతి?”

“ఏటీ లేదు బాబూ. ఎల్లిపోనాడు.”

“ఎక్కడికి?”

“ఖరగ్‌పూర్.”

“నువ్వు చూశావా?”

“...సూడనిది సూసినాను.”

“అదేం మాటయ్యా! సరిగ్గా చెప్పు.”

“అప్పట్లో ఏటా వైశాఖంలో ఏరు తగ్గినప్పుడు నీళ్లు కట్టేసి గొట్టం కడిగేవోళ్లం బాబూ. ఏటి కాడ ఒక నోరు, మిల్లు కాడ నా వాల్వు గది. ఆరుగురు పాక్కుంటూ లోనికెల్లి మట్టి తోడేవోరు. ఆ యేడు లక్ష్ముడు ఆళ్లలో ఒకడు. నానే పెట్టించినాను. ఆ యేడు తరవాత మిల్లోళ్లు మళ్లీ ఎవుల్నీ లోనికి దింపలేదు.”

“లోపల దీపం ఉంటుందా?”

“లాంతరెడితే పొగకి ఊపిరాడదు. బేటరీ లైట్లు మిల్లు ఇవ్వలేదు. కేకేస్తే గొట్టం నాలుగు దిక్కుల్నించీ పలుకుతాది, ఎవుడెక్కడున్నాడో తెలీదు. అందుకని మా అయ్య కాణ్ణించీ ఒక కట్టుబాటున్నాది. లోనికెల్లినోడి నోట్లో వెలిగించిన సుట్ట ఉండాల. వాల్వోడు నీళ్లొదిలే సక్రం తిప్పే ముందర మూత తీసి, తల దూర్చి సూడాల. ఎర్రసుక్క అవుపిస్తే మనిషున్నట్టు. సుక్క లేకపోతే గొట్టం ఖాళీ అన్నట్టు.”

“బాగుందయ్యా మీ కట్టుబాటు. మరి ఆ రోజు?”

“అయిదుగురే పైకొచ్చినారు. లక్ష్ముడు రాలేదు. ముందు రోజే ఆడికీ నాకూ మాటామాటా అయినాది. ‘నీ కింద మట్టి తొయ్యను బావా, ఖరగ్‌పూర్ పోతాను’ అన్నాడు. ఏటి నోటంట బయటపడి రైలుకి పోనాడు గావాల అన్నారు అందరూ. మేస్త్రీ బేగి తిప్పమని అరుస్తన్నాడు. నాను తల దూర్చినాను బాబూ. సూసినాను. సుక్క లేదు. కళ్లు నులుపుకుని మళ్లీ సూసినాను. కటిక సీకటి. అప్పుడే తిప్పినాను. అంతకి ముందు తిప్పలేదు.”

“మరింకేం! నీ తప్పేముంది?”

“తిప్పినాక మూడు దెబ్బలు ఇనిపించినాయి. లోన్నించి, ఇనుము మీద. టంగు, టంగు, టంగు.”

“గాలయ్యుంటుంది. గొట్టంలో చిక్కిన గాలిని నీళ్లు తోస్తే అలాగే కొడుతుందిట.”

“మేస్త్రీ అదే అన్నాడు. మళ్లీ నీళ్లు కట్టేసి సూద్దారంటే, నీ బావమరిది రైలెక్కితే మిల్లు ఆపమంతావేటి అని తిట్టినాడు. నానూ గాలే అనుకున్నాను. మూడేళ్లబట్టి ఎప్పుడు సక్రం తిప్పినా ఇనిపిస్తన్నాది బాబూ. ఒక్కసారైనా రెండు కాదు, నాలుగు కాదు. మూడే.”

“నీ మనసు కొట్టుకుంటోందయ్యా, గొట్టం కాదు.”

“మరి నిన్న తాడో? డబ్బాని లాగింది నానే. యాభై ఆరు దాకా నున్నగా వచ్చినాది. యాభై ఏడు కాడ ఆగిపోనాది. లాగినాను, రాలేదు. కూసేపు ఊరుకుని మెల్లిగా ఇదిలిస్తే ఒదిలినాది. సిక్కు ఇడినట్టు కాదు బాబూ. ఎవులో పట్టుకుని, ఒగ్గినట్టు.”

“ఊరుకో, ఊరుకో! పట్టపగలు నాకు ఒళ్లు జలదరిస్తోంది.”

“బాబూ, మీ కాళ్లట్టుకుంటాను. రెండో రీలు కడగకండి.”

“ఏమిటీ?”

“వెలుగు తగిలి పాడైపోనాదని సెప్పెయ్యండి. కలకత్తా ఆయన రేపు ఎల్లిపోతాడు. ఆ డబ్బా ఎల్లిపోతాది. నాను ఈ మొదటి రీల్లోనే ఏదో గొట్టం సూపించి తవ్విస్తాను.”

“ఓహో! అందుకా ఇందాకణ్ణించీ లెక్క తప్పుతున్నావు! వాళ్ల చేత వేరేచోట తవ్విద్దామనా?”

“...అవును బాబూ.”

“పిచ్చివాడా! నిప్పు లేదని నీ కళ్లతో నువ్వే చూశావు కదా. మరి దేనికి భయం?”

“ఆ ఒక్క మాట పట్టుకునే బతుకుతన్నాను బాబూ. సుక్క లేదు, లోన ఎవులూ లేరు. పొద్దున్న లెగిసి అదే అనుకుంటాను, తొంగునేటప్పుడూ అదే అనుకుంటాను. ఆ మాట కూడా పోతే నాకు ఇంకేటీ లేదు.”

“పోదయ్యా. రీలు కడుగుతాం, యాభై ఏడులో మట్టి మేటో, చెట్టు వేరో కనబడుతుంది. ఈ పీడ నీకు ఇవాళతో వదిలిపోతుంది. నా చేతికొచ్చిన రీలు ఇంతవరకూ ఒక్కటీ పాడవలేదు, పెళ్లిదైనా చావుదైనా. ఇప్పుడు పాడు చెయ్యను.”

“బాబూ...”

“నోరుముయ్యి. దాలమ్మా! ఇప్పుడు రెండో రీలు కడగాలి. ఎర్రదీపం కూడా ఉండకూడదు. ఎనిమిది నిమిషాలు తలుపు తియ్యను. నీ ఫోటో ఆ తరవాతే.”

“అయితే నానూ లోనికొస్తాను బాబూ. బయట కూకుంటే కొలిమిలో కూకున్నట్టున్నాది. నా తమ్ముడి నెగిటివు మీరు ఎక్కడెట్టినారో కూడా సూస్తాను.”

“నోట్లో ఏమిటది? చుట్టా? అది పారేసి రా. నిప్పు కాస్త కనబడినా రీలు గంగపాలవుతుంది.”

“నా సుట్ట నిప్పు మీకు అవుపించదులెండి బాబూ.”

“పారేసి రమ్మన్నానా! ఊఁ, రా. ఆ మూల నిలబడు, మీ ఆయన పక్కన. బల్లకి తగలకు. తలుపు గడియ వేశాను. తీసేస్తున్నాను దీపం.”

ఎర్రదీపం ఆరింది. ఎవరి చెయ్యి వాళ్లకి కనబడని చీకటి.

“ఓలమ్మ! కళ్లు తెరిసినా మూసినా ఒకటే.”

“కదలకమ్మా. అలారం పెట్టాను, గంట మోగేదాకా ఇంతే. ఎర్రన్నా, ఉన్నావా?”

“ఉన్నాను బాబూ.”

“ఆ చప్పుడికి బెదరకండి. రీలుని పళ్లెంలో ఇటూ అటూ ఆడిస్తున్నాను.”

“నీళ్ల సప్పుడు.”

“నీళ్లు కాదయ్యా, మందు.”

“ఇలగే ఇనిపిస్తాది బాబూ. సక్రం తిప్పగానే ముందు ఇలగే సన్నగా ఇనిపిస్తాది. తరవాత...”

“తరవాతేటి మావా?”

“ఏటీ లేదు.”

“నీకెప్పుడూ ఏటీ లేదు. మావా, సీకట్లో అడుగుతన్నాను. నీ మొఖం నాకు అవుపించదు, నా మొఖం నీకు అవుపించదు. ఇప్పుడైనా నిజం సెప్పు. నువ్వు నాతో ఖరగ్‌పూర్ ఎందుకు రావు?”

“వాల్వు...”

“వాల్వు గోల ఒగ్గెయ్. మూడు రోజులు నీ వాల్వు గంగులు తిప్పలేడేటి? నిరుడు నీకు జొరమొస్తే ఆడే గదా తిప్పినాడు. నా తమ్ముడంటే నీకు ఇంకా కోపమేనా? ఏదో సిన్నతనంలో ఒక మాటన్నాడు. ఇంకా కడుపులో ఎట్టుకున్నావేటి?”

“నాకు కోపం లేదే.”

“మరేటి?”

“జోగయ్య సూడలేదు.”

“ఏటి?”

“జోగయ్య లక్ష్ముణ్ణి సూడలేదే. ఆడసలు ఖరగ్‌పూర్ ఎల్లలేదు. నానే అలగ సెప్పమన్నాను. నువ్వు పది రోజులు కూడు ముట్టలేదు. గోడకేసి తిరిగి తొంగున్నావు. నువ్వూ పోతావని బయమేసినాది. నీకు నాలుగు మెతుకులు లోనికెల్లాలని అలగ సెప్పించినాను. నువ్వు ఆ రోజే లెగిసి గంజి తాగినావు. మరింక ఆ మాట ఎనక్కి తీసుకోలేకపోనాను.”

“మూడేళ్లు. మూడేళ్లు ఆ కెటిలు పట్టుకున్న గుంటణ్ణే తలుసుకుని ఏడిసినాను మావా. సలికాలం ఆడికి దుప్పటున్నాదో లేదో అని ఏడిసినాను. మరి ఆడెక్కడున్నాడు?”

“నాకు తెలీదు.”

“తెలీదేటి!”

“తెలీదే. గొట్టంలో మాత్రం లేడు. అది సత్తెం. నాను సూసినాను. సుక్క లేదు.”

“గొట్టంలో అని ఎవులన్నారు? మావా. గొట్టంలో ఉన్నాడని నాను అనలేదు. ఎవులన్నారు?”

“దాలమ్మా, కాస్త నెమ్మది. నాలుగు నిమిషాలే ఉంది. ఆగండాగండి! ఏమిటీ వాసన? పొగ! చుట్ట పొగ! ఎర్రన్నా, చుట్ట ముట్టించావా?”

“నాను కాదు బాబూ! నా సేతులు రెండూ ఖాళీ!”

“అబద్ధమాడకు! నా మొఖం మీదికే కొడుతోంది. రీలు పాడుచెయ్యాలనే కదూ! ఎక్కడ? ఏదీ నిప్పు? ఎక్కడా కనబడదేం?”

“అరవకండి బాబూ. నానే.”

“నువ్వా? పారేశానన్నావు!”

“పారేసినానని అనలేదు. తిరగేసినాను. నిప్పు నోట్లోకి ఉన్నాది, సుట్ట మొదలు బయటికి. అడ్డపొగ. మా కాడ ఆడోళ్లందరం ఇలగే తాగుతాం. మీకు అవుపించదని సెప్పినాను గదా. ఏటైనా అవుపించిందేటి?”

“లేదు... మిణుకంతైనా లేదు. మండే నిప్పు నోట్లో పెట్టుకునే ఇంతసేపూ మాట్లాడావా తల్లీ! నాలిక కాలదూ?”

“ఇరవై ఏళ్ల అలవాటు బాబూ. మీ రీలుకి ఏటీ అవదు.”

“ఒసే.”

“ఏటి?”

“దీపం తీసినకాణ్ణించీ నీ నోట్లో నిప్పున్నాదా?”

“ఉన్నాది. నువ్వు సెప్పు ముందు, గొట్టంలో అని...”

“నా పక్కనే ఉన్నావా?”

“నీ మూరెడు దూరంలో ఉన్నాను. ఏటా అడగడం?”

“నాకు అవుపించలేదు.”

“అవుపించదు మరి.”

“నాకు అవుపించలేదే దాలీ! నాను నీకేసే సూస్తన్నాను. మూరెడు దూరంలో నిప్పుంటే నాకు అవుపించలేదే!”

“మావా! నీ సెయ్యేటి ఇలగ సల్లబడిపోనాది? బాబూ, ఈయనకేటో అవుతన్నాది!”

“ఎర్రన్నా, కింద కూర్చో. గోడ పట్టుకుని కూర్చో. ఇక రెండు నిమిషాలే.”

“లక్ష్ముడు అడ్డపొగ తాగేవోడా?”

“ఇప్పుడదేటి...”

“తాగేవోడా, లేదా!”

“మగోడు అడ్డపొగేటని నవ్వుతారని నలుగుర్లో తాగేవోడు కాదు. నీ ముందర అసలే తాగడు, బావ ఎక్కిరిస్తాడని. నా కాడ తాగేవోడు. సిన్నప్పుడు వానలో ఊడుపులకెల్లినప్పుడు, ఒక్క తాటాకు గిడుగు కింద ఇద్దరం దూరి కూకునేవోళ్లం. వానసుక్కకి సుట్ట ఆరిపోతే నానే నేర్పినాను, తిరగేసుకోరా అని.”

“గొట్టంలో?”

“గొట్టంలోనేటి?”

“గొట్టంలో పైనించి నీళ్లసుక్కలు పడతాయి. సుట్టలు ఆరిపోతాయి. అందరూ అగ్గిపెట్టె కోసం నాకాడికొస్తారు. ఆ రోజు ఆడొక్కడూ రాలేదు. ఆ రోజు ఆడు...”

“ఆ రోజు పొద్దున్న సద్ది కట్టిస్తుంటే అన్నాడు. ‘గొట్టంలో సుట్ట నిలవడం లేదప్పా, ఊరికే ఆరిపోతన్నాది’ అన్నాడు. నాను అన్నాను...”

“ఏటన్నావు?”

“తిరగేసుకోరా అన్నాను. సిగ్గేస్తాదప్పా, మగోళ్లున్నారు అన్నాడు. ఆ సీకట్లో నిన్నెవుడు సూస్తాడురా అన్నాను. నానే అన్నాను మావా. నిన్నెవుడు సూస్తాడురా అని నానే అన్నాను. నవ్వుకుంటా ఎల్లినాడు.”

“సుక్క లేదని తిప్పేసినానే దాలీ. రెండుసార్లు సూసినాను. మీ అమ్మ మీద ఒట్టు, రెండుసార్లు సూసినాను. ఆడు నన్ను సూసే ఉంటాడు. మూత తీస్తే నా తల ఎలుగులో అవుపిస్తాది. బావ సూసినాడు, ఇంక తిప్పడని ఊరుకునుంటాడు. నిప్పు నోట్లో ఉన్నాదన్న మాటే మరిసిపోయుంటాడు.”

“మరి అరవలేదా? నా గుంటడు అరవలేదా?”

“కొట్టినాడే. మూడు దెబ్బలు కొట్టినాడు. పారతోటి కొట్టుంటాడు. గాలనుకున్నాను. సక్రం తిప్పిన సేత్తోటే మళ్లీ ఎనక్కి తిప్పితే సరిపోను. గాలనుకున్నాను. తిట్టవేటే? ఏటో ఒకటను. దాలీ, ఉన్నావా?”

“ఉన్నాను. సుట్ట ఆరిపోనాది.”

“అమ్మా, గంట మోగింది. రీలు హైపో మందులో వేస్తున్నాను. ఒక్క నిమిషం. అయిపోయింది. దీపం వేస్తున్నాను.”

ఎర్రదీపం వెలిగింది. నరసింగరావు రీలు కొస ఎత్తి దీపానికి పట్టాడు.

“ఎర్రన్నా. రీలు బాగానే వచ్చింది.”

“పాడవలేదా బాబూ?”

“పాడవలేదు. పాడైతే బాగుండేదని నాకే అనిపిస్తోంది. చూడమంటావా, ఇలాగే చుట్టి మీ ఇంజనీరుకి పంపెయ్యమంటావా?”

“సూడండి బాబూ. నాను ఇంక ఒద్దనను.”

“మొదటిది ముప్పై ఏడు. నలభై, ఖాళీ. నలభై అయిదు, ఖాళీ. యాభై. యాభై మూడు, కాస్త మట్టి ఉంది. యాభై అయిదు. యాభై ఆరు...”

“తరవాతది సెప్పండి.”

“ఇది వద్దులే ఎర్రన్నా.”

“అది యాభై ఏడు బాబూ. ఆడ పాత గొట్టం కలిసే గుంతొకటి ఉన్నాది. మనిషి నడుం నిలబెట్టుకుని కూకోగలిగేది గొట్టం మొత్తానికీ ఆడొక్కకాడే. సుట్ట తాగాలంటే అందరూ ఆడే కూకుంటారు.”

“ఏటున్నాది బాబూ అందులో? నాకు సెప్పండి.”

“నెగిటివులో నల్లది తెల్లగా, తెల్లది నల్లగా ఉంటుందమ్మా. అంత తేలిగ్గా చెప్పలేం. మట్టి మేటేసి ఉంది. అందులోంచి పంచె లాంటిది గొట్టం అతుకుకి చుట్టుకుపోయి ఉంది. దాని పక్కన పార పిడి. ఆ పిడి మీద...”

“సాలు బాబూ.”

“నేనింక చెప్పనమ్మా.”

“పెన్సిలు ఇలగియ్యండి బాబూ.”

“ఇంకా కాయితం మీద వెయ్యలేదయ్యా, దేని మీద రాస్తావు?”

“ఏదో ఒక కాయితం ఇవ్వండి. యాభై ఏడు. ఈసారి తప్పు రాయలేదు, సూడండి. ఇంజనీరుబాబుకి ఇదిస్తాను, నోటితోటీ సెప్తాను. సుక్క గురించీ సెప్తాను, మూడు దెబ్బల గురించీ సెప్తాను. ఏటి సేస్తారో సెయ్యనీ. రేపు తవ్వేకాడ మొదటి గునపం నాదే. ఆణ్ణి ఎవులో మట్టిని లాగినట్టు లాగకూడదు. నా సేతుల్తోనే తీస్తాను.”

“నానూ వస్తాను.”

“నువ్వొద్దే.”

“వస్తాను. నాను ఎత్తుకున్న గుంటడు. ఆడి ఒంటి మీద గుడ్డ నాను ఉతికింది. పద మావా, లెగు. నా భుజం పట్టుకో.”

“దాలమ్మా, ఈ అట్ట తీసుకుపో. ఖరగ్‌పూర్‌కి చిన్న ఫోటో అన్నావు. ఇప్పుడది...”

“సిన్నది ఒద్దు బాబూ. గోడకి తగిలించేటంత పెద్దది సెయ్యండి.”